సంస్కృత నాటకంలో ధ్వనిని పట్టుకోవడం ఎలా?

కాళిదాసు శాకుంతలం మొదటిసారి చదివినప్పుడు నాకు చెట్లూ లేళ్లూ తుమ్మెదలూ తప్ప ఏమీ కనిపించలేదు. అసలు సంగతి మాటల చాటున ఉంటుందని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ చాటు అర్థమే ధ్వని. వ్యంగ్యం అని కూడా అంటారు, కానీ మనం అనుకునే వెటకారం కాదు. 9వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కావ్యానికి ఆత్మ ఇదేనన్నాడు.

ముందు తాత్పర్యంతో ఉన్న ప్రతి ఒకటి సంపాదించండి. కింద మూలం కూడా ఉంటే ఇంకా మంచిది. మూడో అంకం తెరవండి. శకుంతలా దుష్యంతులు పొదరింట్లో ఉన్నారు. తెర వెనక నుంచి ఒక మాట: "చక్రవాక వధూ, నీ సహచరుడి దగ్గర సెలవు తీసుకో. రాత్రి వచ్చింది."

తొందరపడకుండా మొదట వాచ్యార్థం, అంటే మాట పైకి చెప్పే అర్థం, చూసుకోండి. ఎవరో ఆడ జక్కవతో, అంటే చక్రవాక పక్షితో, మాట్లాడుతున్నారు. జక్కవల జంట రాత్రిళ్లు విడిపోతుందని కవుల నమ్మకం. ఇలాంటి కవిసమయాలు తెలియకపోతే ధ్వని అందదు.

ఇప్పుడు ఎవరు, ఎవరితో, ఎవరు వింటుండగా అంటున్నారో అడగండి. గొంతు చెలికత్తెలది. పెద్దావిడ గౌతమి ఇటే వస్తోంది. శకుంతలకి చప్పున అర్థమై, కొమ్మల చాటుకి వెళ్లమని రాజుకి చెబుతుంది. గౌతమి విన్నా ఆమెకి అది పక్షి మాటే. "గౌతమి వస్తోందే, లే!" అని అరిచినా పని జరిగేది, కానీ ఎడబాటు ఊసు వచ్చేది కాదు.

దొరికిన మాటని అక్కడే వదలకండి, ముందుకి వెతకండి. నాలుగో అంకంలో జక్కవ మళ్లీ వస్తుంది. తామరాకు చాటున ఉన్న మగపక్షి కనబడక ఆడపక్షి అరుస్తోందని అత్తవారింటికి బయల్దేరిన శకుంతల అంటుంది. చెలికత్తె అనసూయ ఓదారుస్తుంది: అదీ ప్రియుడు లేకుండానే రాత్రి గడుపుతుంది, ఆశే దానికి ఊతం. భర్త తనని గుర్తుపట్టడని శకుంతలకి తెలియదు. శాపం సంగతి తెలిసిన మనకి మాత్రం ఆ అరుపు వేరేగా వినిపిస్తుంది.

మాటలే కాదు, చేష్టలూ చూడండి. మొదటి అంకం చివర దర్భ గుచ్చుకుందనీ, నారచీర కొమ్మకి చిక్కుకుందనీ శకుంతల ఆగుతుంది. ప్రేమ అన్న మాట ఎక్కడా రాదు. రసం, అంటే చదివేవాడి మనసులో కలిగే అనుభూతి, పేరు పెట్టి చెబితే పుట్టదని ఆనందవర్ధనుడు అన్నది ఇందుకే.

ఎక్కడైనా ఆగిపోతే వ్యాఖ్యానం చూడండి. కొండవీటి కుమారగిరిరెడ్డి దగ్గర మంత్రిగా ఉన్న కాటయవేముడు కాళిదాసు మూడు నాటకాలకూ వ్యాఖ్య రాశాడు.

చివరగా భవభూతి ఉత్తరరామచరితం మొదటి అంకంతో పరీక్షించుకోండి. నిద్రపోతున్న సీతని చూస్తూ, ఈమెలో ప్రియం కానిది ఏముంది, విరహం ఒక్కటే భరించలేనిది అంటాడు రాముడు. అప్పుడే వాకిలి కాసే ప్రతీహారి వచ్చి "ఉపస్థితః" అంటుంది. ఈ రాక విరహానిదా, మనిషిదా? సంస్కృతంలో రెండూ పుంలింగమే కాబట్టి మాట రెండింటికీ అతుకుతుంది. తెలుగులో "వచ్చాడు" అనగానే విరహం జారిపోతుంది, "వచ్చింది" అంటే మనిషి పోతాడు. అందుకే అక్కడ మూలం పైకి చదవండి. "ఎవరు?" అని రాముడు ఉలిక్కిపడతాడు. వచ్చింది రాముడి వేగు దుర్ముఖుడు, సీత మీద జనం వేసిన నింద మోసుకుని.