నగర ప్రాజెక్టు పత్రాల్లో ముందు ఏ పేజీ తెరవాలి?

ప్రపంచ బ్యాంకు అప్పుతో ఒక మురికివాడకు డ్రైనేజీయో రోడ్డో వస్తోందంటే, దానితో పాటు వందల పేజీల పత్రాలూ వస్తాయి. బస్తీ సంఘాల కోసం వాటిని చదివి పెట్టడం నా పని. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టే అలవాటు ఎప్పుడో మానేశాను. ముందుమాటలో అందరూ మంచివాళ్లే.

బ్యాంకు వెబ్‌సైట్‌లో దేశం పేరుతో వెతికితే ప్రాజెక్టు నంబరు దొరుకుతుంది. అది పీ అక్షరంతో మొదలవుతుంది. ఆ నంబరు కింద మూడు పత్రాలు దించుకోండి: ప్రాజెక్టు అంచనా పత్రం, పునరావాస ప్రణాళిక, పర్యావరణ, సామాజిక హామీల ప్రణాళిక. మూడోది చిన్నదే అయినా అప్పు ఒప్పందంలో భాగం. మిగతావాటిలో 'పరిశీలిస్తాం' అని తప్పించుకోవచ్చు గానీ, ఇక్కడ ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా అన్నది రాయాల్సిందే.

చదవడం మాత్రం పునరావాస ప్రణాళికతో మొదలుపెట్టండి. ముందు కటాఫ్ తేదీ వెతకండి. ఆ తేదీ తర్వాత వచ్చి చేరినవాళ్లకు పరిహారం ఇవ్వనక్కర్లేదు. కాబట్టి ఆ తేదీని బస్తీలో ఎప్పుడు, ఎలా ప్రకటించారో కూడా చూడాలి. 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న బ్యాంకు నిబంధనల్లో అయిదో ప్రమాణం ప్రకారం, పట్టా లేనివాళ్లకు కూడా కట్టుకున్న ఇంటికి పరిహారం, వేరే చోట కుదురుకోవడానికి సాయం అందాలి. భూమికి మాత్రం రాదు. 'కాగితం లేదుగా, మీకేం రాదు' అని ఏ అధికారి అయినా అంటే ఆ పేరా ప్రింటు తీసి చేతిలో పెట్టండి.

తర్వాత సర్వే జాబితా. అద్దెకున్నవాళ్లు, ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకున్నవాళ్లు, తోపుడు బండివాళ్లు అందులో ఉన్నారా? సర్వే పగటిపూట చేస్తే కూలికి వెళ్లినవాళ్ల ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. వాళ్ల కోసం మళ్లీ వచ్చారో లేదో అడగండి. కొత్త ఇళ్లు ఎంత దూరంలో ఇస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. పత్రంలో కిలోమీటర్లే ఉంటాయి. వాటిని మీరు బస్సు చార్జీలోకి, ప్రయాణ సమయంలోకి మార్చి, రోజు కూలి పక్కన రాయండి. మీటింగులో ఆ ఒక్క కాగితం చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

లబ్ధిదారుల అంకె చూసి మురిసిపోవద్దు. నగర జనాభా మొత్తాన్నీ అందులో కలిపారా, కనెక్షన్ వచ్చే ఇళ్లనే లెక్కపెట్టారా చూడండి. మరుగుదొడ్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వాడే కొలమానం పనికొస్తుంది. ఎంత మంచి మరుగుదొడ్డి అయినా వేరే కుటుంబాలతో పంచుకుంటే దాన్ని 'పరిమితం' కిందే లెక్కిస్తారు. 'సురక్షితం' అనాలంటే ఆ మలం చివరికి శుద్ధి కావాలి, లేదా అక్కడికక్కడే సురక్షితంగా పూడాలి.

ఇక అంచనా పత్రంలో నిర్వహణ ఖర్చు. అప్పు డబ్బు ఆగిపోయాక పూడిక తీసేదెవరు? జవాబు రెండు వాక్యాల్లో తేల్చేశారంటే నాకు అక్కడే అనుమానం. కరాచీలోని ఒరంగీ అనే పేద బస్తీలో 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఇది గీత గీసినంత స్పష్టంగా ఉండేది. సందులోని మురుగు పైపు అక్కడి ఇళ్లవాళ్లే డబ్బు వేసుకుని కట్టుకుని చూసుకుంటారు, పెద్ద కాలువ ప్రభుత్వానిది. పేదలతోనే ఖర్చు పెట్టించడం న్యాయమా అన్న వాదన వేరే ఉంది, అది కొట్టిపారేసేది కాదు. కానీ ఏ పైపు ఎవరిదో అందరికీ తెలిసేది. మీ పత్రంలో ఆ గీత ఎక్కడ ఉందో వెతకండి.

ఇన్ని చూశాక కూడా జవాబులు రాకపోతే ఫిర్యాదు దారి ఉంది. నర్మద మీద సర్దార్ సరోవర్ ఆనకట్ట గొడవ తర్వాత 1993లో బ్యాంకు తనిఖీ ప్యానెల్ పెట్టింది. ప్రాజెక్టు ప్రాంతంలో ఉండేవాళ్లు కనీసం ఇద్దరు కలిసి, తమ భాషలోనే రాయవచ్చు. పేర్లు గోప్యంగా ఉంచమనవచ్చు. ఈ ప్యానెల్ తేల్చేది బ్యాంకు తన నిబంధనలు తాను పాటించిందా లేదా అన్నదే, ప్రభుత్వం మీద తీర్పు చెప్పదు. ఫిర్యాదుకు ముందే సమస్యను బ్యాంకు సిబ్బంది దృష్టికి తెచ్చామని చూపించాలి. అందుకే మొదటి ఉత్తరం నుంచీ తేదీతో సహా కాపీ దాచుకోండి, ఫోన్‌లో మాట్లాడిన విషయం కూడా ఆ రోజే మెయిల్ చేసేయండి.