చెరువులో చేపలు ఎందుకు చనిపోతున్నాయో గుర్తించడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపూరు, బరంపురం చుట్టుపక్కల ఊరి చెరువుల్లో తెల్లవారేసరికి చేపలు తేలితే మొదట వినిపించే మాట "ఎవరో మందు కలిపారు" అన్నదే. అలా జరగదని కాదు గానీ, ఊపిరాడక చనిపోయే చేపలే ఎక్కువ. ఈ రెండింటినీ వేరుచేసే ఆధారాలు ఆ ఉదయమే దొరుకుతాయి. ఎండెక్కే కొద్దీ నీటిలో ఆక్సిజన్ మళ్లీ పెరుగుతుంది, చేపలు కుళ్లిపోతాయి.

ముందుగా, చేపలు ఏ వేళ నుంచి తేలుతున్నాయో కావలివారిని, వేకువనే గట్టుకు వచ్చినవారిని అడిగి రాసుకోండి. నీటిలోని నాచు పగలంతా ఆక్సిజన్‌ను ఇచ్చి, రాత్రి తానూ వాడుకుంటుంది కాబట్టి, సూర్యోదయానికి కాస్త ముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ముందురోజు మబ్బు పట్టి, నీరు చిక్కని ఆకుపచ్చగా ఉండి, వేకువన చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనబడితే అనుమానం అటువైపే నిలవాలి. మిట్టమధ్యాహ్నం హఠాత్తుగా చచ్చిపడితే కారణం వేరే ఉండవచ్చు.

తరువాత ఏవి చనిపోయాయో, ఏవి బతికాయో చూడాలి. నా లెక్కలో ఈ పరిశీలనకు మించినది లేదు. ఆక్సిజన్ తగ్గితే సాధారణంగా పెద్ద బొచ్చెలు, శీలావతులు ముందు పోతాయి, గాలి పీల్చగల కొరమీను, మార్పు చేపలు మిగులుతాయి. అవి కూడా పోయి, చిన్నా పెద్దా తేడా లేకుండా చేపలన్నీ, వాటితోపాటు పీతలు, నీటి పురుగులు చచ్చి ఉంటే పురుగుమందును అనుమానించాలి. సైపర్‌మెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులు అతి తక్కువ మోతాదులోనే చేపలను చంపుతాయి. పిచికారీ చేసిన వెంటనే వాన పడితే పొలం నీటితో అవి చెరువులోకి చేరతాయి. ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి) తీరు ఇంకొకటి: దానిలోని సాపోనిన్ అనే పదార్థం చేపల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, రొయ్యలు, పీతలు మాత్రం దానికి అంత సులువుగా లొంగవు. రోజుకు కొన్ని చొప్పున వారాల తరబడి, ఒంటిమీద పుండ్లతో చనిపోతుంటే అది వ్యాధి. చలికాలంలో కనబడే పుండ్ల వ్యాధికి అఫానోమైసిస్ అనే శిలీంధ్రం వంటి జీవి కారణం.

ఇప్పుడు గట్టు చుట్టూ ఒకసారి నడవండి. నీరు వచ్చే కాలువలు, ఖాళీ పురుగుమందు సీసాలు, నీటిపై నురుగు, వాసన గమనించి ఫోటోలు తీయండి. గోగు కట్టలను చెరువులో ఊరబెట్టే ఊళ్లలో నీరు నల్లబడి కుళ్లు వాసన వేయడం మామూలే. ఆ కుళ్లు ఆక్సిజన్‌ను తినేస్తుంది. నేరం ఎవరిపైనా మోపే ముందు ఈ సంగతి ఊరివాళ్లు గుర్తుచేసుకోవడం మంచిది.

నీటి పరీక్ష కిట్‌తో ఆక్సిజన్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), అమ్మోనియా కొలవండి. వేకువన ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు మరోసారి. ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, 3 కంటే తగ్గితే చేపలకు ఇబ్బంది మొదలవుతుంది. మధ్యాహ్నం పీహెచ్ 9 దాటితే అమ్మోనియా విషప్రభావం పెరుగుతుంది.

నమూనాల విషయంలో తొందర పడాలి. కుళ్లిన చేపలు పరీక్షకు పనికిరావు. కొన ఊపిరితో ఉన్నవాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఐసు మధ్య పెట్టి అదేరోజు పంపండి. పురుగుమందు పరీక్షకు నీటిని ముదురు రంగు గాజు సీసాలో, అంచు దాకా నింపి తీసుకోండి. ప్లాస్టిక్ సీసా మందును కొంత పీల్చుకుంటుంది. సీసాపై చోటు, సమయం రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి.

చెరువు ఒడిశా వైపు ఉంటే ఫిర్యాదు అక్కడి జిల్లా మత్స్యశాఖకే ఇవ్వాలి; శ్రీకాకుళం కార్యాలయానికి దానిపై అధికారం ఉండదు. వ్యాధి అనుమానమైతే భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ (సిఫా) సలహా కోరవచ్చు. "విషం ఉందో లేదో చూడండి" అంటే ఏ ప్రయోగశాలా తేల్చలేదు, కాబట్టి ఎగువ పొలాల్లో ఆ వారం కొట్టిన మందుల పేర్లను రైతులనడిగి జతచేయండి. ఫలితం వచ్చేదాకా ఆ చేపలను తినవద్దు, పశువులను ఆ నీటికి తోలవద్దు.