గట్టు మీద కూర్చుని చూసే పిల్లాడిని ఆటలోకి తేవాలంటే

మా అంగన్‌వాడీలో దాదాపు ప్రతి ఏడూ అలాంటివాడు ఒకడైనా ఉంటాడు. బంతి వేస్తే పట్టలేడు, చదునైన నేల మీద కూడా తూలి పడతాడు, గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడతాడు. "బద్ధకం టీచర్‌గారూ, అచ్చం వాళ్ల నాన్నే" అంటుంది నానమ్మ. బద్ధకం కాదు. కళ్లూ చేతులూ కాళ్లూ కలిసి పనిచేయడంలోనే ఇబ్బంది. బడి వయసు పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఇది ఉంటుందని అంచనా. డాక్టర్లు దీన్ని డీసీడీ (డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్) అంటారు.

ముందు ఆటలో వాణ్ని గమనించండి. ఇలాంటి పిల్లలు ఆట రాదని నోటితో చెప్పరు. పోలీసాటలో ఎప్పుడూ కుర్చీలో కూర్చునే ఎస్సై అవుతారు. కొందరు కావాలనే కింద పడి అందర్నీ నవ్విస్తారు. ఇంకొందరు పరుగు మొదలవగానే "నాకు దాహం" అంటారు. ఏ ఆటలో, సరిగ్గా ఎక్కడ తప్పుకుంటున్నాడో రాసుకోండి. తొక్కుడుబిళ్లలో బిళ్ల విసరడం కష్టమా, ఒంటికాలి గెంతు కష్టమా? (మూడేళ్లవాడికి ఆ గెంతు ఎలాగూ రాదు, టెన్షన్ వద్దు.)

తర్వాత మార్చాల్సింది పిల్లాణ్ని కాదు, ఆటను. రబ్బరు బంతి పక్కన పెట్టి పాత చీర ముక్కలతో పెద్ద గుడ్డ బంతి చుట్టండి. అది ఎగిరిపోదు, తగిలినా నొప్పి పుట్టదు. కాళ్లు చాపి ఎదురెదురుగా కూర్చుని దొర్లించండి. అది కుదిరాక ఒక అడుగు దూరం నుంచి వేయండి. పదిమందిలోకి తోయకండి, ఓపికున్న ఒక్క జతగాణ్ని ఇవ్వండి. "జాగ్రత్త, పడతావ్!" అని అరిస్తే బిగుసుకుపోతాడు. "ఆ చాప దాకా రా" అనండి చాలు.

నాకు అస్సలు నచ్చనిది 'అవుటైతే పక్కకు పో' అనే రూలు. ఎవడికి ఎక్కువ సాధన కావాలో వాడే మొదట అవుటై, అందరికంటే తక్కువ ఆడతాడు. మా దగ్గర అవుటైనవాళ్లు మూడు చప్పట్లు కొట్టి మళ్లీ లోపలికి వస్తారు. గుడుగుడు గుంచం, వీరి వీరి గుమ్మడిపండు రోజూ ఉండాల్సిందే. పరుగెత్తలేనివాడు కూడా వాటిలో గెలుస్తాడు.

సాధారణంగా ఐదేళ్లు నిండకుండా డాక్టర్లు డీసీడీ అని తేల్చరు. సాయానికి మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందానికి, "వాడు డల్" అని కాకుండా మీరు రాసుకున్నది చూపించండి. పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే జిల్లా కేంద్రం డీఈఐసీకి పంపమని అడగండి. ఒక పక్క చెయ్యో కాలో మాత్రమే బలహీనంగా ఉన్నా, వచ్చిన పని మళ్లీ రాకుండా పోయినా ఆ బృందం కోసం ఎదురుచూడొద్దు, వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.