అమెరికాలో తొలి ఏడాది: పండుగలు, పంచాంగం, అద్దె ఇల్లు

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాన్ని మొదట తికమకపెట్టేది పండుగ తేదీ. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి ఉగాది ఆదివారమంటుంది, ఇక్కడి గుడివారు శనివారమంటారు. ఇద్దరి మాటా సరైనదే కావచ్చు. ఉగాదిని సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి నిర్ణయిస్తారు. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారినా, సూర్యోదయం మాత్రం ఊరికొక వేళ అవుతుంది. భారత కాలమానం ప్రకారం శనివారం ఉదయం 9 గంటలకు పాడ్యమి ప్రవేశించిందనుకోండి. అక్కడ అప్పటికే పొద్దు పొడిచింది కనుక ఉగాది ఆదివారానికి వెళుతుంది. న్యూజెర్సీలో ఆ సమయానికి ఇంకా శుక్రవారం రాత్రి 11:30 అయి ఉంటుంది కాబట్టి, శనివారం తెల్లవారేసరికి పాడ్యమి ఉండనే ఉంటుంది. అందువల్ల ఊరి నుంచి తెచ్చుకున్న క్యాలెండరును గోడకు తగిలించుకున్నా, తేదీలకు మాత్రం మీరుండే ఊరికి గణించిన పంచాంగాన్నే చూడండి.

తెలుగు సంఘాల వేడుకలు తిథిని బట్టి కాక, సెలవును, హాలు దొరికే రోజును బట్టి జరుగుతాయి. సంక్రాంతి సంబరాలు జనవరి చివరి శనివారం జరిగినా ఆశ్చర్యం లేదు. వాటికి తప్పక వెళ్లండి, పరిచయాలు ఏర్పడేది అక్కడే. అయితే ఇంట్లో పూజను కూడా ఆ శనివారానికే వాయిదా వేయడం నాకు నచ్చదు. ఆఫీసుకు వెళ్లే ముందు పావుగంట దీపం పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టినా ఆ రోజు పండుగేనని పిల్లలకు తెలుస్తుంది.

అద్దె అపార్ట్‌మెంటులో దీపం, సాంబ్రాణి, కర్పూరం విషయంలో జాగ్రత్త అవసరం. పొగకు మోగే అలారం ఇంటింటా ఉంటుంది. దాని బ్యాటరీ తీసేయడం ప్రమాదకరం, అద్దె ఒప్పందానికీ విరుద్ధం కావచ్చు. కిటికీ తెరిచి హారతి ఇస్తే సరిపోతుంది. వినాయకుణ్ణి దగ్గరి చెరువులో నిమజ్జనం చేయాలంటే స్థానిక అనుమతులు కావాలి. మట్టి ప్రతిమను ఇంట్లోనే బకెట్‌లో కరిగించి, ఆ నీటిని మొక్కలకు పోయడం తేలిక.

సూట్‌కేసులో పచ్చి కరివేపాకు పెట్టుకోకండి. నిమ్మ, నారింజ తోటలను దెబ్బతీసే తెగులును మోసే చిన్న పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది గనుక దానిని విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. పచ్చళ్లు, పొడులు సహా తినే వస్తువులన్నిటినీ కస్టమ్స్ వారికి ముందే చెప్పడం మంచిది. కరివేపాకు భారతీయ దుకాణాలలో దొరుకుతుంది. భోగిపళ్లకు రేగిపళ్లు దొరకకపోతే, చైనా దుకాణాలలో అమ్మే ఎండు జుజుబీలు రేగుజాతివే. గునుగు, తంగేడు లేవని బతుకమ్మను మానుకోనవసరం లేదు. ఆ పండుగ వచ్చే నెలల్లో కిరాణా దుకాణాల ముందే చామంతి కుండీలు బారులు తీరి ఉంటాయి.

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరాలయం 1970లలో వెలసింది, ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ 1977లో న్యూయార్క్‌లో జరిగింది. అందువల్ల మీరు అన్నిటినీ మొదటినుంచి కట్టుకోవలసిన పని లేదు. పిల్లల తెలుగుకు 2007లో మొదలైన మనబడి తరగతులు అనేక ఊళ్లలో ఉన్నాయి. న్యూయార్క్ నగర పాఠశాలలకు దీపావళి సెలవు ఉన్నా, మిగిలిన పండుగలకు, అనేక ఇతర ఊళ్ల బడులలో దీపావళికి కూడా మీరే సెలవు అడగవలసి రావచ్చు. ఆగస్టు, సెప్టెంబరులలో బడి తెరవగానే ఆ ఏటి పండుగల తేదీలు రాసి టీచరుకు పంపండి, పరీక్షలు ఆ రోజులలో పడితే సర్దుబాటు చేయడానికి వారికి వ్యవధి ఉంటుంది.