లారీ టైర్ల డబ్బు కిరాయిలోంచే పక్కన పెట్టడం

పది చక్రాల బండికి టైర్ల ఖర్చు నెల లెక్కన కాదు, కిలోమీటరు లెక్కన వేసుకోవాలి. ఉదాహరణకు టైరు 24,000 రూపాయలు, 80,000 కి.మీ. నడుస్తుంది అనుకుంటే టైరుకు కిలోమీటరుకు 30 పైసలు, పదింటికి 3 రూపాయలు. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ దించి రావడం సుమారు 330 కి.మీ. అనుకుంటే దాదాపు వెయ్యి. కిరాయి చేతికి రాగానే ఆ వెయ్యి వేరే ఖాతాలో వేసేయండి. డీజిల్ ఖాతాలో ఉంటే డీజిల్‌కే పోతుంది. ఖాళీగా తిరిగొచ్చిన కిలోమీటర్లు కూడా లెక్కే, చాలామంది దాన్నే మరుస్తారు.

కొత్తవి ముందు రెండింటికి వేయండి. మిగిలిన గాడి లోతు 3-4 మి.మీ. కంటే తగ్గకముందే దించి రీట్రేడింగ్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేయడం) చేయించి వెనక్కి మార్చండి. టైరు లోపలి తీగ బయటపడ్డాక రీట్రేడింగ్‌కు ఇచ్చినా తీసుకోరు.

వెనక జంటలో లోపలి టైరును ఎవరూ చూడరు. అందులో గాలి తగ్గితే బరువంతా బయటిదాని మీద పడుతుంది. రోహిణి ఎండల్లో రెండూ పేలొచ్చు. గాలి పొద్దున్నే, బండి కదలకముందే, గేజీతో చూడండి. సుత్తితో కొట్టి చూసేది గాలి లెక్క కాదు. జంట మధ్య ఇరుక్కున్న రాయిని అప్పుడే తీసేయండి, టైరు పక్క గోడను కోస్తుంది.