‘ముందు మనం విచారిద్దాం’ అనకండి: పిల్లలతో, నిస్సహాయులతో పనిచేసే చిన్న సంస్థలకు

హాస్టల్లోనో శిబిరంలోనో పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వచ్చాక, ఒకటి రెండు రోజుల్లో తరచూ ఇంకో వార్త వస్తుంది: విషయం యాజమాన్యానికి ముందే తెలుసని. మళ్లీ వేసవి శిబిరాల కాలం వచ్చింది. కొత్త వాలంటీర్లు, అద్దె భవనం, రాత్రి బస. గేటుకు తాళం, మరుగుదొడ్లలో లైట్లు లాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు. వాటి జోలికి పోవడం లేదు.

చిన్న సంస్థలను ముంచేది ఒకటే తప్పు. ఫిర్యాదు చెవిన పడగానే ‘ముందు మనం విచారిద్దాం, నిజమైతే అప్పుడు చూద్దాం’ అనుకోవడం.

చాలాసార్లు ఇందులో దురుద్దేశం ఉండదు. పదిమంది ఉన్న సంస్థలో అందరూ ఎరిగినవాళ్లే. ఫిర్యాదు వేలు చూపించింది ఏళ్ల తరబడి జీతం లేకుండా చాకిరీ చేస్తున్న మనిషి వైపు. పైగా విరాళాలు ఆగిపోతాయన్న భయం. దాంతో కార్యదర్శి, వార్డెన్, ఒక ట్రస్టీ కూర్చుని బిడ్డను పిలిపిస్తారు. ఒక్కొక్కరూ అడిగినప్పుడల్లా చెప్పిందే చెప్పాలి. మాటల్లో ఎక్కడో చిన్న తేడా వస్తుంది. రేపు కోర్టులో నిందితుడి లాయరు పట్టుకునేది ఆ తేడానే. అవతలి మనిషిని ‘నీ వివరణ ఏమిటి’ అని అడిగిన గంటలోపే అతని ఫోన్‌లో ఉన్నదంతా మాయమవుతుంది, బిడ్డ ఇంటికి రాయబారం వెళ్తుంది. ఈలోగా బట్టలు ఉతికేస్తారు. సీసీటీవీలో పాత రికార్డింగు చెరిగి కొత్తది ఎక్కేస్తుంది. విచారణ ముగిసేసరికి పోలీసులకు చూడ్డానికి ఏమీ మిగలదు.

చట్టం మిమ్మల్ని విచారించమనలేదు. బాధితులు 18 ఏళ్లలోపువారైతే, ఆడపిల్లయినా మగపిల్లాడయినా, 2012 నాటి పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం) సెక్షన్ 19 వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా, స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. రుజువు తెమ్మని అందులో లేదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. సంస్థను నడిపే వ్యక్తి తన కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు, జరిమానా అదనం. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి అదే చట్టం రక్షణ ఇస్తుంది. సమాచారం ఇవ్వకపోవడం తీవ్రమైన నేరమని, చాలావరకు అది దోషులను కాపాడే ప్రయత్నమేనని మహారాష్ట్రలోని ఒక బాలికల హాస్టల్ కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి మళ్లీ చెబుతున్నాం, విచారణ మీ పని కాదు.

బిడ్డ నోరు విప్పినప్పుడు వినండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. ‘అతను ఇక్కడ ముట్టుకున్నాడా’ అని జవాబు మీరే అందిస్తూ అడగొద్దు. ‘ఇంకేమైనా చెప్పాలనుందా’ చాలు. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న అసలు వద్దు. బిడ్డ వెళ్లాక, బిడ్డ వాడిన మాటల్నే, అవి మోటుగా ఉన్నా సరే, తేదీ, సమయంతో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. భాషను సరిచేయొద్దు. దాడి ఇటీవలిదైతే వైద్య పరీక్ష అయ్యేదాకా స్నానం చేయించొద్దు. విడిచిన బట్టలు కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమ చేరి ఆధారాలు పాడవుతాయి. ఎఫ్‌ఐఆర్ కాలేదని ఆసుపత్రి వెనక్కి పంపకూడదు, పోక్సో సెక్షన్ 27 ప్రకారం అది లేకుండానే పరీక్ష చేయవచ్చు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అక్కడితో ఆగకండి. స్టేషన్‌లో సమాచారం రాతలోకి ఎక్కి దానికో నంబరు పడాలి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది. బిడ్డను స్టేషన్‌కు ఈడ్చుకెళ్లనక్కర్లేదు. ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు.

పెద్దవాళ్ల సంగతి వేరు. వృద్ధులకు, దివ్యాంగులకు సంరక్షకులే ముప్పయినప్పుడు, ఆ సంరక్షకుడు పక్కన కూర్చుని ‘ఆయనకేం సమస్య లేదండీ’ అంటుంటే మీకు నిజం తెలియదు. విడిగా మాట్లాడండి. మాట రానివారికి సైగలు తెలిసిన మనిషిని తెచ్చుకోండి, బంధువును కాదు. తమ మంచిచెడ్డలు తాము తెలుసుకోగలిగిన పెద్దవాళ్లయితే, ఏం కోరుకుంటున్నారో ముందు వాళ్లనే అడగండి. దివ్యాంగుల మీద వేధింపులు, దోపిడీ గురించి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 7 కింద ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు (తహసీల్దారు లాంటి అధికారికి) తెలపవచ్చు. వృద్ధులకు 14567 హెల్ప్‌లైన్ ఉంది. పింఛను కార్డు, ఏటీఎం పిన్ మీ సిబ్బంది చేతిలో ఉండకూడదు. ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు తీసుకుంటే అది దోపిడీయే.

ఇక శిబిరం తెరిచేలోపు, వరసగా:

2020 నాటి పోక్సో నియమాల ప్రకారం సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి, కాంట్రాక్టు వాళ్లకూ. వంటమనిషిని, డ్రైవరును, రెండు రోజుల వాలంటీరునూ వదలొద్దు.

పాత సంస్థకు మీరే ఫోన్ చేయండి. ‘ఇతన్ని మళ్లీ పిల్లల మధ్య పెట్టుకుంటారా’ అని సూటిగా అడగండి. అవతల తటపటాయిస్తే తీసుకోవద్దు.

ఫిర్యాదు వినడానికి ఇద్దరిని పెట్టండి. ఒక్కరే ఉంటే, ఆరోపణ ఆ ఒక్కరి మీదే వచ్చిన రోజు దారి మూసుకుపోతుంది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

పిల్లల గదిలోకి, కారులోకి పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లొద్దు. వ్యవస్థాపకుడికీ మినహాయింపు లేదు.

వాలంటీర్ల సొంత ఫోన్లలో పిల్లల ఫొటోలు వద్దు, విడిగా వాట్సాప్ మాటలు వద్దు.

దాతను కూడా పిల్లలతో విడిగా వదలొద్దు, ఎంత పెద్ద దాతయినా.

ఆరోపణ వస్తే ఆ మనిషిని అదే రోజు పిల్లలకు దూరం పెట్టండి. ఎందుకో అతనికి వివరించే పని పోలీసులను అడిగాకే.

బిడ్డ పేరు గ్రూపుల్లో రాయొద్దు. బడి పేరు, ఊరు పేరు కూడా.

బిడ్డను ఇంటికి పంపేసి ‘సమస్య తీరింది’ అనొద్దు.

రాజీ కుదర్చొద్దు. కుటుంబం ఒప్పుకున్నా సరే.

రాజీనామా తీసుకుని సాగనంపొద్దు. రేపు ఇంకో శిబిరంలో చేరతాడు, అక్కడివాళ్లు ఫోన్ చేస్తే మీరేం చెబుతారు?

‘ముందు మనం విచారిద్దాం’ అని సమావేశంలో ఎవరన్నా అంటే, అన్నది అధ్యక్షుడే అయినా, ఆ మాట మినిట్స్‌లో రాయండి, లేచి స్టేషన్‌కు ఫోన్ చేయండి.