ఆటలకు శబ్దాలు – 4వ పాఠం: ఏ శబ్దానికి ఎంత నాణ్యత?

అడుగుల చప్పుడు, కత్తి దెబ్బ, గాజు పగలడం, మెనూ గంట. ఈ నాలుగింటినీ గత పాఠంలో కోసి, శుభ్రం చేసి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా దాచుకున్నాం. అవి అసలు ప్రతులు, వాటి జోలికి పోవద్దు. ఈ రోజు చేసే మార్పులన్నీ ఆటలోకి వెళ్లే నకళ్లకే.

ముందు మోనో, అంటే ఒకే చానల్ శబ్దం సంగతి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో (రెండు చానళ్ల) శబ్దం సెకనుకు 1,76,400 బైట్లు తింటుంది. మోనో చేస్తే అందులో సగం. అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి రావాలో ఆటను నడిపే ఇంజినే లెక్కగడుతుంది కాబట్టి దానికి మోనోనే సరి. రెండు చానళ్లను కలిపాక శబ్దం పేలవంగా మారితే, వాటిలోని తరంగాలు ఎదురెదురై ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయన్నమాట. అప్పుడు కలపడం మాని ఒక్క చానల్‌నే తీసుకోండి.

బిట్ డెప్త్ (ఒక్కో కొలతను ఎన్ని బిట్లలో రాస్తామో అది) 16 పెట్టి ముందుకు సాగండి. 8కి దిగితే శబ్దం సన్నగిల్లే చోట గరగర బయటపడుతుంది. పాత ఆటల వాసన కావాలనుకుంటే అది వేరే సంగతి.

అసలు ఆలోచించాల్సింది శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో అది) దగ్గర. ఎంత రేటు పెడితే అందులో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలే మిగులుతాయి. 22.05 కిలోహెర్ట్జ్‌కు దించితే 11కు పైనున్నదంతా పోతుంది. దూరపు పేలుడులో ఆ తేడా పట్టుకోవడం కష్టం. గాజు, కత్తి అలా కాదు. వాటి పదునంతా ఆ పైభాగంలోనే ఉంటుంది, దించగానే దుప్పటి కప్పి కొట్టినట్టు వినిపిస్తాయి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: ఆటలో పిచ్‌ను సగానికి తగ్గించి వాడే శబ్దమైతే, మిగిలిన ఆ 11 కూడా 5.5కు జారుతుంది. రాక్షసుడి అరుపు లాంటి వాటికి రేటు దించకండి.

ఇక కంప్రెషన్. ఏడీపీసీఎం అనే పద్ధతి ఒక్కో 16 బిట్ శాంపిల్‌ను 4 బిట్లకు కుదిస్తుంది, విప్పడం ప్రాసెసర్‌కు చాలా తేలిక. అది తెచ్చే సన్నటి బుస అడుగుల గరగరలో కలిసిపోతుంది, స్వచ్ఛమైన గంట నాదంలో మాత్రం దొరికిపోతుంది. అందుకే మెనూ గంటను నేనైతే కుదించనే కుదించను. 0.3 సెకన్ల మోనో 27 కిలోబైట్ల లోపే, దానిలో పొదుపు చేసి సాధించేదేముంది! వోర్బిస్ అనే మరో పద్ధతి ఇంకా బాగా కుదిస్తుంది కానీ విప్పడానికి శ్రమ ఎక్కువ. ఒకేసారి ఇరవై తుపాకులు మోగే చోట అది భారమే. పొడవైన మాటలకు, సంగీతానికి బాగా నప్పుతుంది. యూనిటీ ఇంజిన్‌లో వోర్బిస్ ఎంచుకుని, లోడ్ అయ్యేటప్పుడే విప్పేలా పెడితే ఆట ఫైలు చిన్నదవుతుందే గానీ మెమరీ మిగలదు, అక్కడ శబ్దం పూర్తి సైజులోనే కూర్చుంటుంది.

ఈ వారం అభ్యాసం: గాజు శబ్దాన్ని 44.1, 32, 22.05 కిలోహెర్ట్జ్‌లలో మూడు నకళ్లు తీయండి. ఏది ఏదో మీకు తెలియకుండా వేరొకరిచేత పేర్లు మార్పించి, ఆటలో సంగీతం, ఇతర చప్పుళ్లు మోగుతుండగా వినండి. విడిగా హెడ్‌ఫోన్‌లో విని తీర్పు చెప్పొద్దు, ఆడేవాళ్లు అలా వినరు. తేడా పట్టుకోలేని వాటిలో అన్నిటికన్నా తక్కువ రేటున్న దాన్ని ఉంచుకోండి.

వాన, యంత్రాల హోరు లాంటి, ఆగకుండా మళ్లీ మళ్లీ మోగే లూప్ శబ్దాలను ఇక్కడ ముట్టుకోలేదు. ఎంపీ3 చేస్తే వాటి అతుకు దగ్గర ఖాళీ ఎందుకు వస్తుందో 5వ పాఠంలో చూద్దాం.